సంతకం లేని గాజు: బొహీమియా వాజ్‌కి పేరు ఎవరు పెడతారు?



ఈ ఎపిసోడ్‌లో బొహీమియా గాజు గురించి మాట్లాడుకుందాం. ఫ్లవర్ వాజులు, గిన్నెలు, అత్తరు సీసాలు, దీపాల గోళాలు... వందేళ్ల కిందట చేసినవి, ఇప్పుడు వేలంపాటల్లో, ఆన్‌లైన్ అమ్మకాల్లో చేతులు మారుతున్నవి. వీటిని సేకరించేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. అందం గురించి చెప్పుకుంటూ పోతే గంట చాలదు. అందుకని ఇవాళ ఒకే ఒక్క ప్రశ్న తీసుకుంటున్నాను. ఈ గాజు మీద చాలావరకు సంతకం ఉండదు. మరి "ఇది ఫలానా కంపెనీది" అని ఎవరు చెప్తున్నారు? దేన్ని బట్టి చెప్తున్నారు?

న్యూజెర్సీలో ఉండే ఒక అక్క మెయిల్ పెట్టారు. అమెరికాలో పెద్దవాళ్లు పోయాక ఇంట్లో సామానంతా అమ్మకానికి పెడతారు కదా, ఎస్టేట్ సేల్ అంటారు. అలాంటి చోట ఆవిడకి ఒక వాజ్ నచ్చింది. ఆకుపచ్చ గాజు, మీద నీలం, ఊదా మెరుపు. "నెమలికంఠం పట్టుచీర తిప్పి చూస్తే రంగు మారినట్టు మారుతోంది" అని రాశారు. పక్కనే చీటీ: "లోట్జ్, ఆస్ట్రియా, 1900." ధర 1,800 డాలర్లు. ఆదివారం దాకా పక్కన పెడతామన్నారట. "ఇండియా టికెట్‌కి దాచుకున్న డబ్బుంది. తీసుకోమంటావా?" అని అడిగారు. కింద సంతకం లేదు, ముద్ర లేదు. చీటీ ఒక్కటే ఉంది.

ఆవిడకి ఏం చెప్పాలో తెలియాలంటే ముందు ఈ గాజు ఎక్కడిదో తెలియాలి.

బొహీమియా అంటే ఇప్పటి చెక్ దేశంలో పడమటి భాగం. చుట్టూ కొండలు, దట్టమైన అడవులు. గాజుకి కావలసినవన్నీ అక్కడే దొరికాయి. ఇసుకకి కొండల్లో క్వార్ట్జ్ రాయి. కొలిమికి కట్టెలు. చెట్టు బూడిద నుంచి పొటాష్. వెనిస్ వాళ్లు సోడా వేసి గాజు చేసేవాళ్లు, అది పల్చగా సాగేది. బొహీమియా వాళ్లు పొటాష్, సున్నం వేసి చేసిన గాజు గట్టిగా, తేటగా వచ్చేది, సానరాయి మీద చెక్కడానికి బాగా పనికొచ్చేది. అందుకే ఫ్యాక్టరీలు నగరాల్లో కాకుండా సరిహద్దు అడవుల్లో, చిన్న చిన్న ఊళ్లలో పెరిగాయి.

ఆ ఊళ్లలో చాలామంది జర్మన్ మాట్లాడేవాళ్లు. అందుకే ప్రతి ఊరికీ రెండు పేర్లు. చెక్‌లో యాబ్లోనెట్స్, జర్మన్‌లో గాబ్లోంజ్. చెక్‌లో నోవీ బోర్, జర్మన్‌లో హైడా. ఈ రెండు పేర్ల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

యాబ్లోనెట్స్ అన్నాను కాబట్టి మనకు సంబంధించిన ముక్క ఒకటి చెప్పేస్తాను. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశానికి చేతి గాజులు పెద్ద ఎత్తున పంపిన వాటిలో ఆస్ట్రియా-హంగరీ ఒకటి. అప్పట్లో బొహీమియా ఆ సామ్రాజ్యంలోదే, ఆ గాజుల పనికి కేంద్రం ఈ యాబ్లోనెట్స్ ప్రాంతమే. మన భాషలో గాజుకీ, చేతి గాజుకీ ఒకటే మాట కదా. ఆ గాజుల మీద కూడా చేసినవాళ్ల పేరు ఉండదు.

సరే, లోట్జ్ దగ్గరికి వద్దాం.

బొహీమియా నైరుతి మూలన షుమావా కొండల్లో క్లాష్టెర్స్కీ మ్లీన్ అని ఒక ఊరు. అక్కడ 1836లో గాజు ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత అది సుసానా లోట్జ్ అనే ఆవిడ చేతికొచ్చింది. ఆవిడ మొదటి భర్త యోహాన్ లోట్జ్ గాజు పనివాడే, కానీ అప్పటికే చనిపోయాడు. కంపెనీకి పెట్టిన పేరు "యోహాన్ లోట్జ్ విట్వే". విట్వే అంటే వితంతువు. అంటే ఇవాళ మనం లోట్జ్ అని పిలిచే ఫ్యాక్టరీని ఆ లోట్జ్ నడపలేదు, ఆయన భార్య నడిపింది. 1879లో ఆవిడ మనవడు మాక్స్ ఫాన్ స్పాన్ పగ్గాలు తీసుకున్నాక అసలు కథ మొదలైంది.

ఆ మెరుపు ఎలా వస్తుందంటే, వేడి గాజుకి తగరపు లవణం ఆవిరి పట్టిస్తారు. వెండి కలిపిన గాజు వాడితే, కొలిమిలో గాలి తగ్గించి పొగ పట్టిస్తే, పైన లోహపు పొర ఏర్పడుతుంది. ఆ పొర ఎంత పల్చన అంటే, వెలుగు దాని పైనుంచీ కిందనుంచీ తిరిగొచ్చి ఒకదానితో ఒకటి కలిసినప్పుడు రంగులు విడిపోతాయి. వానలో తడిసిన రోడ్డు మీద పెట్రోల్ చుక్క పడితే వచ్చే రంగులు కూడా ఇలాంటివే. మట్టిలో వందల ఏళ్లు పడి ఉన్న రోమన్ గాజు తవ్వకాల్లో బయటపడినప్పుడు దాని మీద ఇలాంటి మెరుపు కనిపించింది. దాన్ని చూసి 19వ శతాబ్దం చివర యూరప్, అమెరికా మొత్తం ఆ మెరుపు కోసం పోటీపడ్డాయి. అమెరికాలో టిఫనీ, ఇటు లోట్జ్. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో లోట్జ్‌కి గ్రాండ్ ప్రి వచ్చింది.

మరి అంత పేరున్న కంపెనీ సంతకం ఎందుకు పెట్టలేదు? ఒక కారణం వ్యాపారం. వియన్నాలో, లండన్‌లో పెద్ద షాపుల వాళ్లు సరుకు తీసుకుని తమ సరుకుగా అమ్ముకునేవాళ్లు. ఇంకో కారణం, అడిగితే తప్ప ముద్ర అవసరం రాలేదు. అడిగింది ఎవరంటే అమెరికా. 1890లో మెకిన్లీ టారిఫ్ అని ఒక చట్టం తెచ్చారు. మరుసటి ఏడాది నుంచి దిగుమతి సరుకు మీద ఏ దేశానిదో రాయాలి. అందుకే అమెరికాకి వెళ్లిన కొన్నిటి మీద "ఆస్ట్రియా" అనీ, "లోట్జ్ ఆస్ట్రియా" అనీ చెక్కి ఉంటుంది. మిగతావి ఖాళీ.

ఇంతవరకు ఒక కంపెనీ సంగతి. చిక్కంతా పక్కవాళ్లతో వచ్చింది. పారిస్‌లో ఆ బహుమతి వచ్చాక మెరుపు గాజుకి గిరాకీ పెరిగింది. అదే షుమావాలో లెనోరా ఊళ్లో క్రాలిక్ ఫ్యాక్టరీ ఉంది. ఉత్తరాన టెప్లిత్సె దగ్గర కోష్‌టానీలో రిండ్స్‌కోఫ్, పల్మె-కోనిగ్ ఉన్నాయి. వీళ్లందరూ మెరుపు గాజు చేశారు, ఎక్కువగా సామాన్యులు కొనగలిగే ధరలో. వీళ్ల సరుకు మీదా సంతకాలు అరుదే.

ఇప్పుడు ధర చూడండి. లోట్జ్ మంచి వాజ్ వేలల్లో పోతుంది. క్రాలిక్ అయితే మామూలుగా వందల్లో. వస్తువు మారలేదు, గాజు మారలేదు, పేరు మారితే చాలు. అందుకే వందేళ్ల నాటి మెరుపు గాజు ఏది కనబడినా అమ్మేవాళ్ల నోట ముందు వచ్చే మాట లోట్జ్. అందరూ మోసం చేస్తారని నేననట్లేదు. చాలామంది నిజంగానే నమ్ముతారు. నమ్మడానికి డబ్బు కూడా సాయం చేస్తుంది, అంతే.

మరి తేల్చేదెలా? లాగ్స్ లేని సిస్టమ్‌ని డీబగ్ చెయ్యడం లాంటిదే. ఒక్క క్లూ మీద ఆధారపడకూడదు.

మొదటిది ఆకారం. లోట్జ్ ఫ్యాక్టరీలో ప్రతి డిజైన్‌కి కాగితం మీద సగం ఆకారం గీసి కత్తిరించి, నంబర్ వేసి, ఏ అలంకరణో రాసి పెట్టుకునేవాళ్లు. దర్జీ దగ్గర జాకెట్ కొలతల కాగితాలు ఉంటాయి చూడండి, అలా. అదృష్టం కొద్దీ వాటిలో చాలా మిగిలాయి. 1989లో అచ్చయిన లోట్జ్ గ్రంథం రెండో సంపుటం ఈ కత్తిరింపుల కేటలాగే. మీ వాజ్ ఆకారం, కొలత, అలంకరణ మూడూ ఒక కాగితంతో కలిస్తే అది గట్టి ఆధారం. సంతకం కంటే గట్టిది.

అవును, సంతకం కంటే. ఎందుకంటే సంతకం ఎప్పుడైనా చెక్కొచ్చు. చిన్న గ్రైండర్ ఉంటే పది నిమిషాల పని. లోట్జ్ విషయంలో దొంగ సంతకాలు కలెక్టర్లందరికీ తెలిసిన సంగతే. అందుకని ముందు వస్తువు కుదరాలి, తర్వాత సంతకం చూడాలి.

రెండోది అలంకరణ. లోట్జ్ వాళ్లు తమ అలంకరణలకి పేర్లు పెట్టుకున్నారు. క్రేటా అంటే ఆకుపచ్చ గాజు, కాండియా అంటే తేనె రంగుది. పాపియోన్ అంటే సీతాకోకచిలుక రెక్క మీద చుక్కల్లాంటి మెరుపు. ఫెనొమెన్ అంటే గాజు దారాలు చుట్టి, వేడి మీద కొక్కెంతో లాగి అలలు తెప్పించిన రకం. ఫెనొమెన్ రకాలు కష్టమైన పని, వాటిని అనుకరించడం అంత తేలిక కాదు. కానీ ఉత్త ఆకుపచ్చ మీద ఉత్త మెరుపు ఉందనుకోండి, అది ఎవరైనా చెయ్యగలరు, చేశారు కూడా. అలాగే బయట సన్నటి గాజు దారాలు అడ్డదిడ్డంగా చుట్టిన వాజ్ కనబడితే పల్మె-కోనిగ్ అనేస్తారు. ఆ పని ఇతర ఫ్యాక్టరీలూ చేశాయి.

మూడోది అడుగు. వాజ్ చేసేటప్పుడు మూతి సరిచెయ్యడానికి అడుగున ఇనపకడ్డీ అతికిస్తారు. అయిపోయాక విరగ్గొడితే అక్కడ మచ్చ మిగులుతుంది. గాజుకి బొడ్డు అనుకోండి. దాన్ని సాన పట్టి గుండ్రటి గుంటలా నున్నగా చేశారా, అలా వదిలేశారా, అడుగంతా చదును చేశారా అనేది చూడాలి. వందేళ్లు బల్లల మీద జరిగిన వస్తువుకి అడుగున సన్నటి గీతలు అన్ని దిక్కులా ఉంటాయి. ఒకే దిక్కుగా, ఒకే లోతుగా ఉంటే గరుకు కాగితంతో రుద్దారేమో అనుమానించాలి.

నాలుగోది మూతి. అంచు పెచ్చు ఊడితే కొందరు కిందికి అరగదీసి పాలిష్ పెట్టేస్తారు. అప్పుడు ఆకారం కురచవుతుంది. ఇక్కడ కూడా కాగితపు కత్తిరింపే కాపాడుతుంది, అసలు ఎత్తు అందులో ఉంటుంది కాబట్టి.

ఐదోది దేశం పేరు. చెకోస్లొవేకియా అనే దేశం పుట్టింది 1918 అక్టోబర్ 28న. అడుగున "చెకోస్లొవేకియా" అని యాసిడ్ ముద్ర ఉండి, పక్కన చీటీ మీద "1900" అని ఉంటే ఇక వాదన అక్కర్లేదు. దేశమే పుట్టలేదు, ముద్ర ఎక్కడిది?

అల్ట్రావయొలెట్ టార్చ్ గురించి కూడా ఒక మాట. కొన్ని పసుపు, ఆకుపచ్చ గాజులు ఆ వెలుగులో పచ్చగా మండుతున్నట్టు మెరుస్తాయి. అది యురేనియం. బొహీమియాలోనే యాఖిమోవ్ గనుల్లో యురేనియం ఖనిజం దొరికేది. క్యూరీ దంపతులు రేడియం కనిపెట్టింది కూడా ఆ ఊరి ఖనిజంతోనే. రీడెల్ కుటుంబం 1830ల నుంచి యురేనియం గాజు చేసింది. కానీ యురేనియం గాజు ఇంగ్లండ్‌లో, అమెరికాలో కూడా చేశారు. టార్చ్ గాజులో ఏముందో చెప్తుంది, ఎవరు చేశారో చెప్పదు.

ఇప్పుడు అక్క వాజ్ దగ్గరికి రండి. ఆవిడని అడుగు, మూతి, వెలుతురుకి ఎదురుగా పెట్టి ఒకటి, స్కేలు పక్కన పెట్టి ఒకటి ఫొటోలు తియ్యమన్నాను. ఓపిగ్గా తీసి పంపారు. అడుగున సాన పట్టిన బొడ్డు, అరుగుదల సహజంగానే ఉంది. మూతి తెగలేదు. మంచి వస్తువే. నడుము మూడు చోట్ల నొక్కి, మూతి అలలుగా మడిచారు. ఆ ఆకారం అచ్చయిన కత్తిరింపుల్లో కనబడలేదు. కాగితాలన్నీ మిగల్లేదు కాబట్టి, కనబడలేదు అంటే లోట్జ్ కాదని కాదు. అలంకరణ ఉత్త ఆకుపచ్చ మీద మెరుపు, నలుగురూ చేసిన రకం. లోట్జ్ అని చెప్పడానికి చీటీ తప్ప ఒక్క ఆధారం లేదు.

నేను చెప్పింది ఇంతే: "ఇది బొహీమియా, 1900కి కాస్త అటూ ఇటూ, తయారీదారు తేలలేదు. ఆ మాటకి ఎంత ధర అవుతుందో అంతే ఇవ్వండి." ఆవిడ వెళ్లి, ఇది లోట్జ్ అని ఎలా తెలిసింది అని అడిగారు. "మా అత్తగారు ఎప్పుడూ అలాగే చెప్పేవారు" అన్నారట అమ్మేవాళ్లు. అక్క 300 డాలర్లు ఇస్తానన్నారు. వాళ్లు ఒప్పుకోలేదు. ఆదివారం వేరొకరు 1,800కే తీసుకుపోయారు.

ఆవిడ కాస్త బాధపడ్డారు. నిజం చెప్పాలంటే వాజ్ అందమైనదే. కానీ ఆ తర్వాత జరిగేది ఆలోచించండి. కొన్నాయన దగ్గర ఇప్పుడు "లోట్జ్ వాజ్, 1,800 డాలర్లు" అని బిల్లు ఉంటుంది. రేపు ఆయన అమ్మేటప్పుడు ఆ బిల్లే సాక్ష్యం. ఎల్లుండి ఆ అమ్మకం ఫొటో చూసి ఇంకొకరు "ఇలాంటిదే మా ఇంట్లో ఉంది, అదీ లోట్జే" అంటారు. ఒక అత్తగారి మాట మూడు చేతులు మారేసరికి ఆధారం అయిపోతుంది.

దీనివల్ల నష్టం కొన్నవాడికి మాత్రమే కాదు. ఆ వాజ్‌ని ఏ రిండ్స్‌కోఫ్ పనివాడో ఊది ఉంటే, ఆయన పని ఇప్పుడు వేరేవాళ్ల ఖాతాలో పడింది. ఈ విషయం నన్ను ఎందుకు పట్టుకుందో చెప్తాను.

బొహీమియా సరిహద్దు ఊళ్లకి రెండు పేర్లున్నాయని చెప్పాను కదా. 1938లో నాజీలు ఆ ప్రాంతాన్ని కలిపేసుకున్నారు. గాజు పరిశ్రమలో ఉన్న యూదు కుటుంబాలు ఆస్తులు పోగొట్టుకున్నాయి, చెల్లాచెదురయ్యాయి. 1945లో యుద్ధం ముగిశాక జర్మన్ మాట్లాడే దాదాపు 30 లక్షల మందిని చెకోస్లొవేకియా నుంచి వెళ్లగొట్టారు. అందులో తరాలుగా గాజు పని చేసిన కుటుంబాలు ఎన్నో. గాబ్లోంజ్ నుంచి వెళ్లినవాళ్లు జర్మనీలో బవేరియాలో కొత్త ఊరు కట్టుకుని దానికి నోయ్‌గాబ్లోంజ్, అంటే కొత్త గాబ్లోంజ్ అని పేరు పెట్టుకున్నారు. ఇక్కడ మిగిలిన ఫ్యాక్టరీలు ప్రభుత్వం చేతికెళ్లాయి. పేర్లు మారాయి, కలిసిపోయాయి, కొన్ని మూతపడ్డాయి. లోట్జ్ కూడా 1911లో ఒకసారి దివాలా తీసి, ఎలాగో నిలబడి, 1940ల్లో శాశ్వతంగా ఆగిపోయింది.

అంటే ఆర్డర్ పుస్తకాలు, డిజైన్ కాగితాలు, పనివాళ్ల జ్ఞాపకం ఒక్క పదేళ్లలో చెదిరిపోయాయి. లోట్జ్ కాగితాలు మిగిలాయి కాబట్టి లోట్జ్ గురించి మాట్లాడుతున్నాం. పక్క ఫ్యాక్టరీల గురించి ఇవాళ తెలిసిందాంట్లో చాలా భాగం కలెక్టర్లు వస్తువుకి వస్తువు పోల్చి పేర్చినదే. క్రాలిక్ అని ఏళ్ల తరబడి పిలిచిన రంగుచుక్కల వాజులు కొన్ని, హ్రోబ్ ఊళ్లోని వెల్జ్ ఫ్యాక్టరీవని ఇలాగే తేలింది. ఆ పని సాగాలంటే తప్పు పేర్లు అడ్డురాకూడదు.

"ఇదంతా విన్నాక మొదలుపెట్టాలంటే భయమేస్తోంది" అంటారేమో. భయపడక్కర్లేదు. జవాబు ముందే తెలిసిన చోట మొదలుపెట్టండి. 1950 నుంచి 1980ల దాకా చెకోస్లొవేకియాలో చేసిన గాజు తీసుకోండి. స్క్లో యూనియన్ కింద ఉన్న ఫ్యాక్టరీలు అచ్చులో నొక్కి చేసిన వాజులున్నాయి. ఫ్రాంటిషెక్ వీజ్నర్, రుడాల్ఫ్ యుర్నికల్, అడాల్ఫ్ మతురా లాంటి డిజైనర్లు చేసినవి. అచ్చు ఒకటే కాబట్టి ఆకారం మారదు. కేటలాగ్ నంబర్లున్నాయి, ఆ రోజుల్లో "చెకోస్లొవాక్ గ్లాస్ రివ్యూ" పత్రికలో ఫొటోలు వేశారు. క్రిబ్స్కాలో యోసెఫ్ హోస్పోడ్కా డిజైన్ చేసినవి, వేడి మీద లాగి ఆకారం తెచ్చినవి, ఇప్పటికీ చాలాచోట్ల "మురానో" అనే చీటీతో కనబడతాయి. అక్కడా అదే జబ్బు: ప్రసిద్ధమైన పేరు పక్కవాడి పనిని మింగేస్తుంది. కాకపోతే ఇక్కడ మీరు కాగితం చూపించి సరిచెయ్యొచ్చు. ధరలు కూడా పాతవాటితో పోలిస్తే చాలా తక్కువ.

కొన్న ప్రతి వస్తువుకీ చిన్న కార్డు రాయండి. అందులో మూడు గీతలు. ఒకటి, తెలిసింది: కొలత, రంగు, అడుగు ఎలా ఉంది, ఎక్కడ ఎంతకి కొన్నాను. రెండు, అనుకుంటున్నది: ఫలానా ఫ్యాక్టరీ కావచ్చు, దానికి కారణం ఇది. మూడు, అమ్మినవాళ్లు చెప్పింది: వాళ్ల మాట వాళ్ల మాటగానే. ఈ మూడూ ఎప్పుడూ కలపకండి. మీ తర్వాత ఆ వస్తువు ఎవరి చేతికెళ్లినా, మీ ఊహ వాళ్లకి సాక్ష్యంగా మారకూడదు.

ఇంకో పని. ఫొటోల్లో ఎంత చూసినా గాజు అర్థం కాదు, కళ్లతో చూడాలి. జర్మనీ వైపు వెళ్లేవాళ్లుంటే పాసావ్‌లో గ్లాస్ మ్యూజియం ఉంది. 1985లో దాన్ని ప్రారంభించింది చంద్రుడి మీద కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్. బొహీమియా గాజు అంత పెద్ద సంఖ్యలో ఒకేచోట దొరకడం అరుదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి అంత దూరం అక్కర్లేదు. సాలార్ జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు విభాగంలో బొహీమియా వస్తువులున్నాయి. అందరూ గడియారం గంట కొట్టడం చూసి బయటికొచ్చేస్తారు. ఈసారి వెళ్తే అద్దాల అలమరాల ముందు ఓ అరగంట నిలబడండి. కింద చీటీ చదవకముందు వస్తువు చూడండి. రంగు, అంచు, చెక్కడం, బరువు ఎక్కడుందో చూసి, ఏ దేశందో మీ మనసులో అనుకుని, ఆ తర్వాత చీటీ చదవండి.

ఈ వారానికి ఇంతే. మీ ఇంట్లో ఏదైనా పాత గాజు ఉంటే తిప్పి అడుగు చూడండి, ఫొటో తీసి పంపండి. పేరు చెప్తానని మాటివ్వను. తేలనిదాన్ని తేలలేదనే చెప్తాను. పంపేముందు మెత్తటి గుడ్డ పరుచుకుని, రెండు చేతులతో పట్టుకోండి, మూతి పట్టి ఎత్తకండి.

ఉంటానండి. మళ్లీ కలుద్దాం.